కింద బొగ్గు లేదు

రాసుకో తల్లీ. ముందు తారీకు వెయ్యి, అది లేందే మీ లాయర్లకి చెయ్యి కదలదు కదా. 2018 నవంబరు 9, శుక్రవారం. నైరుతి గాలి. సముద్రం మీంచి అడ్డంగా కొడుతున్న వాన. చర్చి గోపురం సగానికి పైన కనపడటం లేదు. వాతావరణం ఎందుకంటావా? రేపెవరైనా అడిగితే, ముసలాయనకి ఎండ దెబ్బ తగిలి ఏదో వాగాడని అనకుండా.

వద్దు, కోటు విప్పను. ఆ తలుపు మాత్రం వెయ్యి. కింద మాంసం కొట్టు వాడి చెవిలో పడితే, కిలో కైమాతో పాటు నా సంగతి కూడా పొట్లం కట్టి ఇంటింటికీ పంపుతాడు.

నా ఇంటి అమ్మకం ఒప్పందాలు ఇచ్చిపుచ్చుకునేది ఇవాళ మధ్యాహ్నమే కదా? ఇటునించి నువ్వు, అటునించి వాళ్ళ లాయరు. ఒక్క ఫోను. ఆ ఫోను ముందు దాకా ఎవరైనా తప్పుకోవచ్చు, తర్వాత ఎవరూ తప్పుకోలేరు. నెలల తరబడి అందరూ నీటి మీద రాస్తూ కూచుంటారు. ఒక్క నిమిషంలో అదంతా శిలాశాసనం అయిపోతుంది. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గానీ, నాలాంటి పిరికివాడి కోసం పెట్టింది కాదు.

నిన్నెందుకు పెట్టుకున్నానో ఎప్పుడైనా ఆలోచించావా, టాంసిన్? నా మేనల్లుడు డెంజిల్ వద్దన్నాడు. కంప్యూటర్లో ఎవరో ఉన్నారట, ఎక్కడో పెద్ద నగరంలో అద్దాల మేడలో. ఫోను చేస్తే పాట వినిపిస్తుంది, మనిషి దొరకడు. అలాంటివాళ్ళయితే మంచిది మామయ్యా, అన్నీ తవ్వరు అన్నాడు. నేనొప్పుకోలేదు. ఇల్లు అమ్మించే లాయరు ఆ ఇంటి ముందు నించి నడిచి వెళ్ళే మనిషై ఉండాలిరా అన్నాను. వాన నీళ్ళు ఎటు పారతాయో, పెరటి గోడ ఎవరిదో కాగితం చూడకుండా చెప్పగలగాలి. ఆ వీధి వాసన తెలిసుండాలి.

పైగా నీకు భూగోళం చెప్పినవాణ్ణి. గుర్తుందా, ఒకసారి పటం గియ్యమంటే ఇంగ్లండు నదులన్నీ గీసుకొచ్చావు, మన ఊరి వాగు తప్ప. ఇదేమిటమ్మా అంటే, అది అందరికీ తెలిసిందే కదా సార్ అన్నావు. నవ్వి మార్కులిచ్చేశాను. ఇవ్వకూడదేమో.

అసలు సంగతికొస్తాను. వస్తున్నాను. భయపడ్డ మనిషి తిన్నగా నడవలేడు, గోడ వారన నడుస్తాడు. నేనిప్పుడు మా ఇంట్లో అలాగే నడుస్తున్నాను.

పోయిన ఫిబ్రవరిలో ఆగకుండా వాన కురిసింది కదా. ఒక పొద్దున బట్టలుతికే గదిలో రాతి పలక ఒకటి ఓ పక్కకి ఒరిగి ఉంది. మా కుక్క బెస్సీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాదు, మొరగదు. పలక సర్దుదామని గునపం పెట్టి లేపాను. కింద మట్టి లేదు.

మట్టి లేదమ్మా. పుచ్చిన దూలం ముక్క ఒకటి, దాని పక్కన నలుపు. అందులోంచి ఊపిరి వస్తోంది. గాలి అనను. చల్లగా, తడి ఇనుము వాసనతో, ఎవరో నోరు తెరిచి పడుకున్నట్టు. పెరట్లోంచి ఓ రాయి తెచ్చి వదిలాను. చెవి పెట్టి విన్నాను.

ఇంకా వింటూనే ఉన్నాను.

నువ్వు ఈ ఊరి పిల్లవే, చెప్పక్కర్లేదు. తగరం కోసం మన తాతల తాతలు ఈ కార్న్‌వాల్ నేలని జల్లెడ చేశారు. గని మూతపడితే అందులోకి దిగే బావి మీద దూలాలు పరిచి, మట్టి కప్పి, దాని మీద ఇళ్ళు కట్టారు. దూలాలకి మాత్రం ఎంత ఆయుష్షు? మా నాయనమ్మ మాంసం కూరిన పేస్టీ తింటే చివరి అంచు తినేది కాదు, గనిలో తిరిగే దయ్యాలకి, కింద ఉన్నవాళ్ళకి అని పెరట్లో పడేసేది. చదువుకున్నవాణ్ణి కదా, నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనూ పడేస్తున్నాను. నవ్వకు.

పలక మళ్ళీ మూసేసి, దాని మీద పాత రాగి కాగు ఎత్తి పెట్టాను. బరువు పెడితే ఆగుతుందనా? ఏమో. మనిషి భయమేసినప్పుడు తలుపుకి కుర్చీ అడ్డం పెడతాడు, అది అలాంటిదే. అప్పట్నించీ ముందు గదిలో కుర్చీలోనే నా పడక. వంటింట్లో టీ కాచుకుంటే ఒక కాలు గుమ్మం అవతల ఉంచుతాను.

అందుకే అమ్మకానికి పెట్టాను. అవును, భయపడే పెట్టాను. ఇంకెవరి నెత్తినన్నా రుద్దేసి, గట్టి నేల మీద రెండు గదులు చూసుకుని పోదామని. ఇందులో దాచేదేముంది?

కొనడానికి వచ్చినవాళ్ళెవరు? యార్క్‌షైర్ నించి బెథనీ ఓగ్లీ అనే అమ్మాయి, ఆ అమ్మాయి మొగుడు. అతను వడ్రంగి. వసంతానికి బిడ్డ. వాళ్ళది బొగ్గు గనుల ఊరు. ఆ అమ్మాయి తండ్రి గనిలో పనిచేసినవాడే. ఎంత జాగ్రత్తపరులనుకున్నావు! డెంజిల్ చెప్పినటువంటి అద్దాల మేడ వాళ్ళ దగ్గరికి పోలేదు. వాళ్ళ వీధిలోనే ఉన్న లాయరుని పెట్టుకున్నారు. వాళ్ళ తాతల నాటి నించీ ఆ ఇంటి పనులన్నీ చేసినాయన. నేనేం చేశానో వాళ్ళూ అదే చేశారు చూడు. కాకపోతే వాళ్ళ లాయరు వాళ్ళుండే ఊరికి దగ్గర. కొనే ఊరికి కాదు.

పాపం, ఆయన పని ఆయన బాగానే చేశాడు. నేల కింద ఏముందో అడక్కుండా ఆ ఊళ్ళో ఎవడూ ఇల్లు కొనడు. ఇంటి కింద గానీ చుట్టుపక్కల గానీ బొగ్గు తవ్వకాలున్నాయా అని ఒకటికి రెండుసార్లు అడిగించాడు.

డెంజిల్ ఇక్కడే, ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని నవ్వాడు. బొగ్గు లేదని చెప్పండి, నిజమే కదా అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ జవాబు పంపింది నువ్వే. బొగ్గు లేదు. నిజమే. కార్న్‌వాల్ మొత్తం తిరగేసినా పొయ్యిలోకి పట్టెడు బొగ్గు దొరకదు.

ఆగు, నన్ను చెప్పనీ. అమ్మేవాడు అడగనిది చెప్పక్కర్లేదు, కొనేవాడే చూసుకోవాలి, చట్టం అదే అంటావు. నాకూ తెలుసు. నేను కాలేజీలో చదివిన రోజుల్లో కూడా చట్టం అదే. కింద దూలాలు కూడా అప్పుడూ అవే.

సరే, వారం కింద చాపెల్లో ప్రార్థన అయ్యాక టీ పోస్తున్నారు. మనసాగక మా ఇళ్ళ వరసలోనే ఉండే యూరెన్ గారితో అన్నాను, ఆ పిల్లలకి ఒకమాట చెపితే బాగుంటుందేమో అని. ఆయన చక్కెర కలుపుకుంటూనే అన్నాడు: "మాస్టారూ, మీ ఇంటి కింద ఉన్నది మీ ఇంటి కిందే ఉండనివ్వండి. మావి కూడా ఆ వరసలోనే ఉన్నాయి."

అంతే. ఆ పూట నించీ వరసంతా మూగనోము పట్టింది. ఒక ఇంటికి బావి ఉందంటే అన్ని ఇళ్ళకీ ఉన్నట్టే. బ్యాంకులు ఒక్క ఇంటి మీద కూడా అప్పివ్వవు. జీవితమంతా వాయిదాలు కట్టి సంపాదించిన ఇల్లు ఒక్కమాటతో రాళ్ళకుప్ప అయిపోతుంది. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళకీ భయమే. నేను నేలకి భయపడుతున్నాను, వాళ్ళు నాకు భయపడుతున్నారు. పబ్బులో అడుగు పెడితే మాటలాగిపోతున్నాయి. పిల్లలప్పుడు నా చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళు, ఇప్పుడు నన్ను చూసి గ్లాసులోకి చూస్తున్నారు.

మొన్న మీ అమ్మ వచ్చింది.

అవును, మీ అమ్మే. నా ఇంటికి రెండిళ్ళవతల ఉంటుంది కదా, తెలీనట్టు చూస్తావేం? కుంకుమపువ్వు బన్నులు తెచ్చింది, వేడివేడిగా, గుడ్డ కప్పి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బట్టలుతికే గది తలుపు వంకే చూస్తూ నుంచుంది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఎంత తియ్యగా అందో: "అందరితోనూ మంచిగా ఉండి వెళ్ళండి మాస్టారూ. ఆ ఇల్లు ఒక్కటే మా టాంసిన్‌కి నేనిచ్చేది."

ఆ బన్నులు తినలేదు. బెస్సీకి కూడా పెట్టలేదు. ముసలితనం మనిషిని ఎక్కడిదాకా తెస్తుందో చూడు. చిన్నప్పట్నించీ ఎరిగిన ఆడమనిషి బన్నులిస్తే వాసన చూశాను.

అప్పుడు తెలిసింది నాకు. వీధి వాసన తెలిసిన లాయరు కావాలన్నాను కదా, తెలిసిన లాయరే దొరికింది. ఆ నేల గురించి నీకు నాకంటే బాగా తెలుసు. తెలిసే, బొగ్గు లేదని పంపావు. వాగు గియ్యని పటం లాగే.

కోప్పడకు. కోప్పడ్డానికి రాలేదు నేను. నీ ముఖం చూస్తుంటే నువ్వూ భయపడుతున్నావనిపిస్తోంది. అయితే ఈ గదిలో ఇద్దరం ఉన్నాం, మంచిదే.

ఆ ఫోను వంక చూడకు. చెయ్యక్కర్లేదు.

నేనే చేసేశాను.

ఇవాళ పొద్దున్నే. నంబరు నొక్కాను. పెట్టేద్దామనుకున్నాను. పెట్టేస్తే ఈ ఇంట్లోంచి బయటపడతాను, చెపితే ఇందులోనే పోతాను. ఆ లెక్క మాస్టారికి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఈలోగా ఆ అమ్మాయి ఎత్తేసింది. గోడలకి వేసే రంగు గురించి అడగడానికే చేశాననుకుంది. బిడ్డ గదికి పసుపు రంగట. వెనక వైపు గదే తీసుకుంటాం, పొద్దుటెండ వస్తుంది అంది. బట్టలుతికే గదికి సరిగ్గా పైన.

చెప్పాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "మా లాయరుగారు అన్నీ చూశారండీ, బొగ్గు లేదని మీవాళ్ళే చెప్పారట కదా?" అంది.

"బొగ్గు లేదమ్మా. తగరం ఉంది" అన్నాను.

డబ్బాలకి వాడే తగరమా అంది, సగం నవ్వుతూ. చిన్నపిల్ల. కాదమ్మా, తగరం గని అన్నాను. తండ్రికి ఇచ్చింది ఫోను. క్లైవ్ ఓగ్లీ. నేనెప్పుడూ చూడని మనిషి. మొదట ఊపిరి మాత్రమే వినపడింది. బొగ్గు దుమ్ము మింగిన ఊపిరి, ఈల వేస్తున్నట్టుంది. అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"ఎంత లోతు?"

"రాయి వేశాను. చప్పుడు రాలేదు."

తిడతాడనుకున్నాను, కోర్టుకి ఈడుస్తానంటాడనుకున్నాను. దానికి సిద్ధపడే చేశాను ఆ ఫోను. ఆయనేమన్నాడో తెలుసా?

"మాస్టారూ, మీరిప్పుడు ఎక్కడ నించుని మాట్లాడుతున్నారు?"

వంటింట్లో అన్నాను.

"ముందు వీధి వైపుకి రండి. వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. నేను వైరు ఉన్నంత మేరా లాక్కుంటూ ముందు గదిలోకి వచ్చేదాకా ఆగాడు. వచ్చారా, వచ్చారా అని అడుగుతూనే ఉన్నాడు. ఫిబ్రవరి నించీ నేను ఎక్కడ నించున్నానో అడిగినవాడు లేడమ్మా. మేనల్లుడు అడగలేదు. వరసలోవాళ్ళు అడగలేదు. నువ్వూ అడగలేదు.

వాళ్ళు కొనరు. కొనమని ఆయన చెప్పలేదు, నేనడగలేదు. వాళ్ళ లాయరు కాసేపట్లో నీకే చెపుతాడు. ఇంక ఎవరూ కొనరు. సోమవారానికి వరసంతటికీ తెలుస్తుంది. నేనేమో సాయంత్రం మళ్ళీ ఆ తలుపే తీసుకుని లోపలికి వెళ్ళాలి. ఎక్కడికి పోతాను?

ఏమిటీ? ఇకమీదట నా పని చూడలేనంటావా? ఒకవైపు నేను, ఇంకోవైపు మీ అమ్మ ఇల్లు ఉంటే కుదరదా? ఆ రూలు మొదటి రోజే ఉంది కదా తల్లీ, నేను ఈ మెట్లెక్కి వచ్చినప్పుడు.

పోనీలే. అయితే ఒక పని చెయ్యి, లాయరుగా కాదు, కూతురుగా. మీ అమ్మ మంచం వెనక గదిలోనే కదా? ఇవాళ ముందుకి జరిపించు. నేను చెప్పానని చెప్పకు, జరపదు.

ఇంకొకటి. ఈ పూటకి ఇంకా నా లాయరువే అనుకో, నా విల్లు ముక్క రాసుకో. తర్వాత ఎవరి చేతనైనా సాఫు చేయించుకుంటాను.

పుస్తకాలూ పటాలూ బడికి. బెస్సీ నాకంటే ఎక్కువకాలం బతికితే, యూరెన్ గారి మనవరాలికి. ఆ పిల్ల ఒక్కతే దాన్ని చూసి ఇంకా నవ్వుతోంది. మా నాన్న గోడ గడియారం, యార్క్‌షైర్‌లో క్లైవ్ ఓగ్లీకి. ఎందుకని అడిగితే ఏమీ చెప్పొద్దు, పొట్లం కట్టి పంపండి. ఇల్లు డెంజిల్‌కి. ఉన్నదున్నట్టుగా, రాగి కాగు పక్కకి జరపకుండా.

వరసలో ఎవరికీ ఏమీ లేదు. నీకూ ఏమీ లేదు.

మీ అమ్మకైతే నేను రాయక్కర్లేదు. ఆవిడ వాటా ఆవిడ కాళ్ళ కిందే ఉంది.