తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగని లిఫ్టు

లిఫ్టుల కంపెనీ పెద్ద మేస్త్రీ టీ కొట్టు బల్ల మీద చతికిలబడ్డాడంటే కనీసం రెండు టీల కథ ఖాయం. కానీ ఆ రోజు ఆయన సరదాకి కూర్చోలేదు. పొద్దున్నే మేనేజరు పిలిచి చెప్పేశాడు. "ఏడాదిలో ఆరుగురు కొత్తవాళ్లు మీ దగ్గర చేరి మానేశారు మేస్త్రీగారూ. ఈ ఇద్దరూ కూడా పోతే ఇంక మీ కింద ఎవర్నీ వెయ్యను, రిపేరు పనంతా బయటివాళ్లకి ఇచ్చేస్తాను." ఆ ఇద్దరిలో కొత్తమ్మాయి సాయంత్రం రాజీనామా ఇవ్వబోతోందని రెండోవాడైన కళ్లజోడు కుర్రాడు అప్పటికే చెవిన వేశాడు. ముప్పై ఏళ్ల పనితనం తనతోనే ఆగిపోవడం మేస్త్రీకి ఇష్టం లేదు. ఎలాగైనా సరే, ఇవాళ ఎదురుగా కూర్చున్న ఈ ఇద్దరిలో ఉత్సాహం నింపి తీరాలని నడుం బిగించి గొంతు సవరించుకున్నాడు.

"మీలాగే ఒకడు నా దగ్గర చేరాడమ్మా. వట్టి బద్ధకస్తుడు, నిలబడే కునుకు తీసేవాడు. ఒకరోజు పన్నెండు అంతస్తుల బిల్డింగులో లిఫ్టు ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆగిపోయింది. పైన మెషీన్ రూములోకి వెళ్తే బల్బు మాడిపోయి కటిక చీకటి. వాడి భుజం మీద చెయ్యేసి ఒక్కటే మాటన్నాను, 'నీ వల్ల అవుతుందిరా' అని. అంతే, ఒక చేత్తో పానా, ఇంకో చేత్తో బ్రేకు స్ప్రింగు పట్టుకుని పది నిమిషాల్లో బిగించి పారేశాడు."

"పోయినసారి తొమ్మిది అంతస్తులన్నావు కదన్నయ్యా," అన్నాడు పక్కనున్న తోడల్లుడు. ఆయనా అదే కంపెనీలో ఎలక్ట్రీషియన్. ఇంట్లోనూ డ్యూటీలోనూ ఈ కథలు తప్పించుకోలేని మనిషి.

"తొమ్మిదే. మిగతా మూడూ ఆ లిఫ్టుని చూశాకే వేశారు, అక్కడికే వస్తున్నా. వాడు బిగించాక దానికి ఎంత హుషారొచ్చిందంటే, తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగనంది. పైన నీళ్ల ట్యాంకు దాకా పోయి, అక్కడ ఎవరి ఇల్లూ లేదని చూసుకుని, సిగ్గుపడి వెనక్కి దిగింది. ఇంత ఉత్సాహమున్న లిఫ్టుకి తొమ్మిదేం సరిపోతాయని ఓనరు ఇంకో మూడు వేయించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సాయంత్రమే మనవాడు ఐదుగురికి నేర్పాడు, ఆ ఐదుగురూ తెల్లారేసరికి ఇరవై ఐదుమందికి నేర్పారు. వాళ్లు రోడ్డు మీద నిలబడి చెవి ఒగ్గితే చాలు, ఏ లిఫ్టులో ఏ నట్టు వదులైందో, లోపల ఎవరెక్కారో, వాళ్ల సంచిలో ఏముందో కూడా చెప్పేసేవాళ్లు. వారం తిరిగేసరికి ఊళ్లో ఒక్క లిఫ్టూ చెడిపోదు. మనవాళ్లంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. మన పొట్ట మనమే కొట్టుకున్నట్టయిందని, చివరికి నేనే చాటుగా వెళ్లి రెండు లిఫ్టులు చెడగొట్టొచ్చాను."

"చెడిపోవడానికి అవి ఒప్పుకున్నాయా?" అన్నాడు టీ కొట్టాయన.

"బతిమాలాల్సి వచ్చింది," అన్నాడు మేస్త్రీ.

కళ్లజోడు కుర్రాడికి నవ్వుతో టీ పొలమారింది. కొత్తమ్మాయి మాత్రం గ్లాసు కింద పెట్టింది.

"ఒక సందేహం సార్. ఆ రూములో కటిక చీకటన్నారు. ఆయన చేతులు రెండూ పనిలోనే ఉన్నాయన్నారు. మరి టార్చి ఎవరు పట్టుకున్నారు?"

మేస్త్రీ దగ్గర ఎవరు చేరినా చేసేది ఒకటే, టార్చి పట్టుకోవడం. పానా ఆయన చెయ్యి దాటదు. మానేసిన ఆరుగురూ పట్టుకుని పట్టుకుని విసిగి వెళ్లిపోయారు, ఈ అమ్మాయి మూడు నెలలుగా పట్టుకుంటోంది. సాయానికి మేస్త్రీ తోడల్లుడి వైపు చూస్తే ఆయన ఖాళీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

"మీకు పని ఎంత బాగా వచ్చో మూడు నెలలుగా చూస్తున్నాను సార్," అంది ఆ అమ్మాయి. "నాకు వస్తుందో రాదో మాత్రం ఇప్పటికీ తెలీదు. అందుకే వెళ్లిపోదామనుకుంటున్నాను."

మేస్త్రీకి కోపం రాలేదు, సిగ్గేసింది. "వాడు పదకొండో రోజే మానేశాడమ్మా," అన్నాడు. "స్ప్రింగు బిగించింది నేనే. ఎక్కడ పాడుచేస్తారోనని నాకు భయం. మా మేస్త్రీ నాకూ ఏళ్ల తరబడి పానా ఇవ్వలేదు. పద, ఎదురు బిల్డింగులో బ్రేకు పనుంది. ఇవాళ పానా నీది."

మెయిన్ స్విచ్చి ఆపి, మెషీన్ రూములో ఆయన టార్చి పట్టుకున్నాడు. నోటిదాకా వచ్చిన సలహాలన్నీ మింగేశాడు. నట్టు జారి మూలకి దొర్లితే, వంగబోయి ఆగి, అటు వెలుగు చూపించాడంతే. ఆయనైతే పది నిమిషాల్లో ముగించే పనికి ఆమెకి గంట పట్టింది. మెయిన్ వేసి చూస్తే లిఫ్టు మామూలుగా కదిలి, ఆగాల్సిన చోట ఆగింది.

కొత్తమ్మాయి చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు తిరిగింది. "చెయ్యి లాగుతోందా సార్?"

"లాగుతోంది," అన్నాడు మేస్త్రీ, ఉన్నదున్నట్టు.

"రేపు మధ్యమధ్యలో చెయ్యి మార్చుకోండి, అంత లాగదు," అందామె.