లోపలే మందుందిగా

అలాగే తల వంచుకుని కూర్చోండి బావగారూ. ఆ తిమింగలం పన్ను అప్పుడే అందించకండి. తప్పు ఒప్పుకోడానికి వచ్చినవాడు అవతలివాళ్ళు పన్ను అందుకునేదాకా నోరు మెదపకూడదు కదా, ఇవాళ మన ఆచారం నాకు భలే కలిసొచ్చింది.

అందుకోడానికి ఇంట్లో మగదిక్కు లేదు. మీ తమ్ముడేమో అక్కడ సువా పట్నం ఆస్పత్రిలో ముక్కుకి గొట్టంతో పడున్నాడు. మీరు మాత్రం పొద్దున్నే తోటలో దాలో దుంపలు తవ్వుతూ కనబడ్డారట. మందు బాగానే పట్టినట్టుంది. మీ తమ్ముడి మందు.

అసలేమన్నారు మీరు? "ఇసిరెలీ, నీ గుండె లోపలే మందు పెట్టారుగా, ఇంక మింగే మాత్రలెందుకురా? నాకూ ఛాతీ పట్టేస్తోంది, సగం ఇటు పంపు" అన్నారు. కెరెకెరె అని సొంతవాళ్ళు అడిగితే లేదనకూడదు కదా, అన్న అడిగాక తమ్ముడు లేదంటాడా? గొడ్డలి అడిగితే ఇస్తాం, పడవ అడిగితే ఇస్తాం, ఒంటిమీది చొక్కా అడిగితే విప్పి ఇస్తాం. మాత్రలొక లెక్కా?

ఎంత తెలివండీ మీది. సిడ్నీ నుంచి వచ్చిన డాక్టర్లకి తట్టలేదు పాపం.

ఏంటలా చూస్తారు? తెలియదంటారా? అయితే ఇప్పుడు వినండి. మొదటిసారి ఉత్త బెలూన్‌తో ఆయన గుండె నాళం తెరిచారు. లోపలి గాయం మానుతూ మానుతూ కండ పెరిగి మళ్ళీ మూసుకుపోయింది. అందుకని రెండోసారి మందు పూసిన తీగ వల పెట్టారు, అదే స్టెంట్. ఆ మందు అక్కడే కొంచెం కొంచెంగా ఊరుతూ కండ పెరగనివ్వదు. బానే ఉంది. మరి ఆ తీగని కప్పడానికైనా ఏదో ఒక పొర పెరగాలి కదా? అదీ తొందరగా పెరగదు. కప్పు లేని తీగ మీద రక్తం గడ్డ కడుతుంది. కట్టకుండా ఉండాలనే ఆ మాత్రలు. లోపల మందుంది కాబట్టే మాత్రలు మానకూడదు బావగారూ.

నర్సు నాకు చెప్పింది, నేను మీ తమ్ముడికి చెప్పాను, ఆయన బుద్ధిగా తలూపాడు. తలూపి, నాకు తెలియకుండా రోజు విడిచి రోజు మింగి, మిగిలినవి మీకు పంపాడు.

ఆదివారం చర్చిలో పాట మధ్యలో కూలబడ్డాడు. మీరు పక్కనే పాడుతున్నారు. మంచి గొంతు మీది.

నిన్న కళ్ళు తెరిచాడు. నన్ను చూసి మొదట ఏమడిగాడో తెలుసా? "అన్నయ్య దగ్గర మాత్రలు అయిపోయాయేమో" అని. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

సరే, ఇలా ఇవ్వండి ఆ పన్ను. తీసుకున్నాను, మన్నించానని ఊళ్ళో చెప్పుకోండి. రేపు బస్సెక్కి సువా వెళ్ళి ఆ ఛాతీ చూపించుకోండి. మీకు కావలసిన మందు వాళ్ళే ఇస్తారు.

మీ తమ్ముడి మాత్రలు ఇకనుంచి నా దగ్గరే ఉంటాయి. కానీ బావగారూ, నన్ను మాత్రం అడక్కండి. ఇంతసేపు ఇన్ని మాటలన్నానా, మీరు చెయ్యి చాపి అడిగితే లేదనడం నాకూ చేతకాదు.