ఐదుగురికని చెప్పిన గుడారం

శనివారం సాయంత్రం నాలుగూ నలభైకి, తూపిలిపాళెం సముద్రం ఒడ్డున, మూడు రాళ్ళ మీద టీకి నీళ్ళు పెట్టి నీ మూట విప్పినాను బాషా అన్నా. విప్పి అట్లే నిలబడిపోయినా. ఏంది సామీ ఇది? ఐదుగురికని చెప్పినాను కదా నేను?

ఉండన్నా. ఆ పెళ్ళి కుర్చీలు మళ్ళ తుడుచుకుందువు. ముందు నేను చెప్పేది విను.

చిత్తూరంతా షామియానాలు వేసేవాడివి. పెళ్ళికీ నువ్వే, సావుకీ నువ్వే. వెయ్యిమందికి నీడ కట్టినోడివి, ఐదుగురికి కట్టలేకపోయినావా? పాత సైడు పరదాలు కుట్టి చిన్న గుడారం చేసిస్తా, దిగులు పెట్టుకోవద్దు అంటివే. ఎంతమంది అమలా అని అడిగితివి. నేను, పుత్తూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు కోమలి, దాని మొగుడు, ఇద్దురు పిల్లోళ్ళు అని వేళ్ళు మడిచి మరీ చెప్తిని. ఇదే స్టూలు మీద కూర్చోని చెప్తిని. అప్పుడు నువ్వేం చేసినావు? టేపు తీసి మా కుక్కను కొలిచినావు! నవ్వులాటకనుకుంటి.

గుడారమా అది? నేను పండుకుంటే కాళ్ళు బయట. కాళ్ళు ముడుచుకుంటే బోండా బయట.

బోండా అంటే కుక్కేనన్నా, నువ్వు కొలిచిందే. మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ బోండాలంగడి ఉండాది చూడు, ఆడ దొరికింది, అదే పేరు పెట్టినా. పోయినేడు సీజన్లో తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటే, వాటి కింద పండుకోని మామిడి తొక్కలు నాకతా ఉన్నింది. మామిడి తొక్క తినే కుక్కను యాడన్నా చూసినావా? ఇది నా మాదిరే, ఏది దొరికితే దాంతో సర్దుకుంటాది అనుకోని ఇంటికి తెచ్చుకున్నా.

ఈ తూరి సీజన్ అయిపోతానే రెండు దినాలు దాన్ని తీసుకోని సముద్రం కాడ ఉండాలని ఎండాకాలం నుంచే అనుకుంటా ఉండా. బెల్టు కాడ నిలబడి కుళ్ళిన కాయలు ఏరతా, అంతా మనసులోనే సర్దుకున్నా. దానికి నీళ్ళ గిన్నె, పండుకునేదానికి గోతాం. నాకు దుప్పటి, టార్చి, చింతకాయ తొక్కు. నీకేం తెలుసు, ఆ బెల్టు మోతలో పక్కనోళ్ళ మాట వినపడదు. రెండు నెలలు అట్ల నిలబడితే ఇంటికొచ్చినాక కూడా మనిషితో మాట్లాడబుద్ధి కాదు. కుక్కతో అయితే పర్వాలేదు.

లాడ్జీలోళ్ళు కుక్కను రానీరు. అందుకే కదా గుడారమని నీ కాడికి వచ్చింది.

ఎట్ల పోయినాననా? ఖాళీ క్రేట్లు నాయుడుపేటకు తీసకపోయే మునిచంద్ర లేడా, వాని బండిలో. బోండా నా కాళ్ళ సందులో పండుకునింది. "మిగతావాళ్ళేరీ అక్కా?" అన్నాడు. "వెనక కారులో వస్తా ఉండారప్పా" అన్నా. కాళహస్తి దాటినాక టీకి బండి ఆపినాడు. గ్లాసు పట్టుకోని రోడ్డు మీదికి పోయి, "ఏందక్కా, కారు ఇంకా రాలే, దోవ తప్పినారేమో, ఫోన్ కొట్టు" అని ఒకటే ఇది. మంచోడు పాపం. నేనూ పోయి వాని పక్కన నిలబడినా. చూసినా. నిజంగానే చూసినా అన్నా! ఆ వచ్చే కార్లన్నీ...

సరే. అది వదిలెయ్.

నాయుడుపేట నుంచి ఆటోలో సముద్రం కాడ దిగి, గుడారం కట్టినాక చేపలామె గంపెత్తుకోని వచ్చింది. "ఎంతమందికి మా?" అనింది. నోటికి అలవాటైపోయింది, "ఐదుగురికి" అనేసినా. ఆమె గుడారం చూసింది, కుక్కను చూసింది, నన్ను చూసింది. "పిల్లోళ్ళు నీళ్ళలో దిగినారా ఏంది? దిగనీయొద్దు మా, ఈడ లోపలికి లాగేస్తాది" అని గంప దించి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోని సముద్రమంతా వెతకతా ఉండాది. ఊళ్ళోవాళ్ళను కేకేస్తాదేమోనని, "లేదులే మా, అంగడికి పోయినారు" అని చెప్పి పంపిచ్చినా. ఆ నలుగురి చేపలూ బోండానే తినింది. తిని, నీ గుడారంలో నడిమధ్యన కాళ్ళు చాపి పండుకునింది మహారాజు మాదిరి.

ఏందన్నా, గుడ్డ కింద పెట్టేసి అట్ల చూస్తావు?

అవును. ఎవురూ రాలేదు.

నీకు ముందే తెలుసు కదా, మళ్ళ కొత్తగా చూస్తావేంది! తెలిసే కదా ఒక మనిషికీ ఒక కుక్కకూ కొలిచి కుట్టినావు? నాకు అదే మంట. మూట విప్పతానే ఒళ్ళంతా మండిపోయింది. ఈయనకు తెలిసిపోయింది, నాకెవురూ లేరని ఊరంతా తెలిసిపోయింది, ఎక్కువ గుడ్డ ఎందుకులే దండగ అని ఇంతే కుట్టినాడు అని...

ఏందీ?

గుడ్డ చాలలేదా?

మిగతా పరదాలు ఎలుకలు కొట్టేసినాయా? సొంతోళ్ళే కదా, ఒకరి మీద ఒకరు సర్దుకుంటారులే అనుకుంటివా? మరి కుక్కను ఎందుకు కొలిచినావు? తలుపు గుడ్డ కింద అది దూరేంత సందు వదిలేదానికా?

అంటే... నీకు తెలీదా? మీ ఇంట్లో సుభాన్‌బీ వదినతో కూడా ఏమీ అనలేదా నువ్వు?

అయ్యో దేవా. నా నోటితో నేనే చెప్పేసుకుంటినా?

నవ్వు, నవ్వు. నవ్వినా బాగుంటాది. అట్ల జాలిగా మాత్రం చూడొద్దు.

నీళ్ళుంటే ఇన్ని ఇయ్యన్నా.

రాలేదు అంటే... నేను పిలిస్తే కదా వచ్చేదానికి. పిలవలేదు. కోమలికి చిన్నప్పుడు కుక్క కరిచినాది. కుక్కంటే ఇప్పటికీ వణుకు. ఫోన్లో బోండా అరుపు వినపడితేనే అవతల దానికి మాట పడిపోతాది. నేను ఈ బాడుగింటికి వచ్చి ఏడాదైంది, ఒక తూరన్నా వచ్చినాదా? "వస్తాలే అక్కా, వస్తాలే అక్కా." ఇంక కుక్కతో కలిసి గుడారంలో పండుకుందాం రా అంటే వస్తాదా? అడిగితే రాననేస్తాది. అడగకపోతే, రాలేదని ఎవురికి తెలుస్తాది చెప్పు?

నీకు చెప్పినట్లే కింద ఇంట్లో సుబ్బులమ్మకూ చెప్పిపోయినా. బాడుగకిచ్చిన ఇంటోళ్ళు కదా, చెప్పకుండా తాళం వేస్తే ఊరుకోదు. మా చెల్లెలు కోమలీవాళ్ళతో పోతా ఉండా, ఆదివారం రాత్రికి వస్తా అన్నా. ఒంటి ఆడది కుక్కనెంటేసుకోని సముద్రానికి పోతాది అంటే ఆమె నోరు మూసుకుంటాదా? కోమలి పేరు చెప్తే మర్యాదగా ఉంటాది. "పోనీలే, నీకూ నీవాళ్ళుండారు" అని ఎంత సంతోషపడిందో.

ఫోన్ కూడా ఆపేసి సంచిలో పడేసినా. పెట్టుకోని ఉంటే మోగలేదని తెలుస్తా ఉంటాది. ఆపేస్తే ఆ బాధ లేదు కదా?

బాగుండిందా అంటే, బాగుండింది. ఎందుకు అబద్ధం. బోండా అల చూడ్డం అదే మొదలు. అల వెనక్కి పోతానే తరుముకోని పోతాది, ఏదో దీనికే భయపడి పోతా ఉన్నట్లు. అది తిరిగొస్తానే పరిగెత్తుకోనొచ్చి నా కాళ్ళ మధ్యలో దూరతాది. పొద్దున్నుంచీ అదే పని. గట్టిగా నవ్వినా నేను. ఎన్నాళ్ళకో! నవ్వి, పక్కకు తిరిగినా. ఎవురికన్నా చూపించాలని తిరుగుతాము చూడు, అట్ల.

సరుగుడు చెట్లు గాలికి ఊగతా ఉండాయి. అంతే.

ఆదివారం సాయంత్రానికి మూట కట్టేసినా. ఆ కొసన గుంజ కాడ కొంచెం చినిగింది, నీ తప్పు కాదు, బోండా గీకింది. ఉతికి తెచ్చినా కానీ ఉప్పు వాసన పోలేదు. చూసుకో.

పోతానన్నా... లేదు, ఇంకొకటుండాది. దీనికోసరమే పొద్దున్నుంచీ కాలు నిలవక తిరగతా తిరగతా నీ కాడికి వచ్చినా. గుడారం రేపన్నా ఇయ్యొచ్చు కదా.

నిన్న కొళాయి కాడ బిందె పెట్టి నిలబడుంటే సుబ్బులమ్మ అనింది, "మరిచేపోయినా అమలా, శనివారం మధ్యాన్నం నీకోసరం ఒకామె వచ్చింది" అని. గేటు బయటే నిలబడి, కుక్కను కట్టేసినారా అని అడిగినాకనే లోపలికి అడుగు పెట్టిందంట. చేతిలో బట్టల సంచి, టిఫిన్ క్యారియర్. రెండు దినాలు ఉండిపోదామని వచ్చినట్లుండాది అంటాది సుబ్బులమ్మ.

ఫోన్ కొడతా ఉండా, పలకడం లేదు అనిందంట.

సుబ్బులమ్మ ఏం చెప్పింటాది? నేను నేర్పించిపోయిందే చెప్పింది. "అమల లేదమ్మా, వాళ్ళ చెల్లెలు కోమలీ, మరిదీ, పిల్లోళ్ళూ అంతా కలిసి సముద్రానికి పోయినారు. ఆ చెల్లెలంటే అమలకు ప్రాణం" అనిందంట. ప్రాణమని కూడా చెప్పిందన్నా.

వచ్చినామె మెట్టు మీద కూర్చునిందంట. నీళ్ళడిగి తాగిందంట. పుత్తూరు బస్సు ఎన్ని గంటలకని అడిగిందంట. నిన్నటినుంచీ నేను దానికి ఫోన్ కొడతా ఉండా, ఎత్తడం లేదు.

నువ్వేమవుతావమ్మా అమలకు అని సుబ్బులమ్మ అడిగితే, "నేనూ ఒక చెల్లెల్నేలే" అని చెప్పి పోయిందంట.