బోవాకి ఆకలేస్తే

గలాట్స్ రేవు దగ్గర పెంపుడు పాముల మేత అమ్మే చిన్న కొట్టు. ముసలావిడ మంచు దులుపుకుంటూ లోపలికి రాగానే కొట్టతని మనసు కీడు శంకించింది.

“గడ్డకట్టిన ఎలుక ఒకటివ్వు నాయనా. పెద్దది.”

“మొన్ననేగా తీసుకెళ్ళారు పిన్నిగారూ. మీ బోవా పాముకి నెలకొకటి చాలు.”

“పెడితే కాదనకుండా మింగుతోందే.”

“పాము కాదనదు. కొవ్వు పట్టి చస్తుంది. ఎలుకని వేడినీళ్ళలోనే వెచ్చచేస్తున్నారా?”

“నీళ్ళెందుకు? దుప్పట్లో ఒంటికి ఆనించుకుని పడుకుంటాను. ఇట్టే వెచ్చబడుతుంది.”

“ఆ వాసన మీకు పట్టుకుంటుంది. దానికి మీరూ ఎలుకా ఒకటే అవుతారు.”

“ఆకలేస్తే రాత్రంతా తిరుగుతుంది నాయనా, దారి వెతుక్కుంటూ. కడుపు నిండితే చుట్ట చుట్టుకుని పడుంటుంది. మా ఔరెల్ ఆ రోజు సగం తిని లేచాడు. దీన్ని నాకొదిలేసి ఓడెక్కాడు.”

“మీ ఆయన వెళ్ళింది ఆకలితో కాదు.”

“నీకేం తెలుసు?”

అతను ఎలుకలున్న ఫ్రీజర్ మీద చెయ్యి పెట్టాడు. “అది బతకాలి. ఈ నెలలో ఇంకోటి ఇవ్వను. గాజుపెట్టెకి మూత బిగించండి, ఎక్కడికీ పోదు.”

“మూత ఎప్పుడో తీసేశాను.”

“మరి రాత్రి తిరిగేది ఎక్కడ?”

“ఇల్లంతా. తెల్లారేసరికి నా పక్కలోకి వస్తుంది. మెడ మీంచి మెల్లగా పాకుతుంది.”

“పిన్నిగారూ, అది ప్రేమ కాదు, ఆకలి.”

“కానీలే.” ఆవిడ శాలువా సర్దుకుని తలుపు తీసింది. “ఎందుకో ఒకందుకు వస్తోందిగా.”