గాలి తిరిగేలోపు

తొంభై ఆరు నవంబరు, దీపాల వేళ. అమలాపురం దగ్గర కొబ్బరితోటలో, కాలవని ఆనుకుని సూర్యకాంతంగారి పాత డాబా ఇల్లు. పొద్దున ఎండు కురిడీ కొబ్బరి బస్తాలు లోపల వెయ్యడానికొచ్చిన, చెట్లెక్కి కాయలు దింపే కూలీ సత్తియ్య, ముసలావిడతోపాటు అందులోనే ఇరుక్కుపోయాడు. పెరటి తలుపు మీద చెట్టు కూలింది. వీధి తలుపుకి ముసలావిడ లోపల్నించి వేసిన తాళం. మూడు గంటలు విరుచుకుపడ్డ తుపాను గాలి ఇందాకే, ఎవరో గొంతు నొక్కేసినట్టు, ఆగిపోయింది.

"ఆ రోకలి కింద పెట్టండమ్మగారూ. పెట్టండంటున్నాను!"

"పెట్టను. ఇందాక ఒక మోకాలికి తగిలింది చాల్లేదా? గుమ్మం దగ్గరికొస్తే రెండోదీ విరగ్గొడతాను."

"గాలాగిపోయిందండీ! కిటికీలోంచి చూడండి, చుక్కలు కనపడతన్నాయి. రత్నం పసిపిల్లతో పాకలో ఉందండీ. అసలు పాకుందో లేదో!"

"ఆగలేదురా సత్తియ్యా. ఇది తుపాను నడిమధ్య."

"నాకా కబుర్లొద్దు. తాళంచెవి ఇవ్వండి."

"ఇందాక గాలి ఎటునించి కొట్టింది?"

"ఆయ్, ఉత్తరం నించండి. అయితే ఏంటంట?"

"తుపాను తిరగలిలా తిరుగుతా నడుస్తుందిరా. తిరగలి ఎంత తిరిగినా మధ్య మేకు కదలదు. ఆ మేకు కింద ఉన్నాం మనం. అది దాటిందంటే గాలి దక్షిణం నించి కొడుతుంది, సముద్రం మీంచి. ఇందాకటి వాన ఒక వానా? ఉత్తరపు గాలి నేలమీంచొచ్చింది. ఇది సముద్రాన్నే మోసుకొస్తుంది."

"ఎవరు చెప్పేరండీ మీకు?"

"మా ఆయన. తాలూకా ఆఫీసులో వాన కొలిచేవారు కదా."

"ఆయనగారు పోయి పదేళ్ళయింది! ఆయన కొలతల కోసం నా పెళ్ళాం బిడ్డల్ని చంపుకోమంటారా?"

"కత్తి తీస్తున్నావా? నా మీదకే?"

"తీస్తానండీ! మధ్యాన్నం ఎళ్తానంటే ఇంకో నాలుగు బస్తాలన్నారు. నాలుగూ అయ్యాక ఇంకో రెండన్నారు. మీ కొబ్బరి పొడిగా ఉంది, నా ఇల్లు గాలికొదిలేసేను. ఇవ్వండి చెవి!"

"అమ్మా!... నోరు పగలగొట్టేవు కదరా."

"ఇంకోటి పడుద్ది. ఎక్కడ దాచేరు? కొంగులో లేదు. బొడ్లో లేదు. ఎక్కడండీ?"

"కొట్టు. చంపెయ్యి. మీ నాన్న చావుకి నాకిది తక్కువే."

"మా నాన్న... ఆయన ఊసెందుకిప్పుడు?"

"అరవైతొమ్మిది తుపానులోనూ ఇలాగే ఆగిందిరా. మీ నాన్న ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు."

"మీద చెట్టు పడి పోయేడు. ఊరందరికీ తెలుసు."

"ఎందుకెళ్ళేడో తెలుసా? గేదె ఏమైందో చూసి రమ్మని నేనే పంపేను. గాలాగింది కదా, ఏం కాదు వెళ్ళన్నాను. తలుపు తీసింది నేను. కాలవగట్టు దాటేడో లేదో దక్షిణం విరుచుకుపడింది. మా ఆయన పుస్తకాలు తెచ్చి చదివి ఇదీ సంగతని చెప్పింది ఆ తరవాతే. ఏం లాభం? నీకప్పుడు మూడేళ్ళు."

"చిన్నప్పట్నించీ మీ చెట్లెక్కుతున్నాను. మీ చేతి అన్నం తిన్నాను. ఒక్కసారి చెప్పలేదేంటండీ?"

"భయంరా. నీ మొహం చూస్తే భయం. అందుకే ఇవాళ తియ్యను. నువ్వన్నా మిగలాలి."

"ఆ రోజు ఎంతసేపు ఆగింది?"

"అన్నం ఉడికినంతసేపు."

"అయితే టైముండేది కదండీ! పరిగెట్టుకెళ్ళి ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చేసేవోణ్ణి!"

"అది నాకు తోచలేదురా. నువ్వు వెళ్ళకూడదు, అదొక్కటే... విను. ఆ హోరు విను."

"సముద్రంలా ఉందేంటండీ?"

"వచ్చేసింది. కిటికీ వెయ్యి! దక్షిణం కిటికీ!"

"ఉండండి. ఎవరో తలుపు కొడతన్నారు."

"గాలిరా."

"గాలి కాదండీ!"

"ఏవయ్యో! అమ్మగారండీ! నేను రత్నాన్నండీ! గాలాగింది కదాని పిల్లనెత్తుకుని వచ్చేసేనండీ. చెట్లిరిగి పడిపోతన్నాయి, నిలబడలేకపోతన్నాను. తలుపు తియ్యండీ!"

"రత్నం! పిల్లని గోడకేసి పట్టుకో! కిటికీ కడ్డీ పట్టుకో, వదలకు! అమ్మగారూ, చెవండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను, చెవండీ!"

"బద్దలుగొట్టరా! రోకలి తీసుకో!"

"టేకు తలుపండీ, రోకలికేం ఇరుగుద్ది! చెవేదండీ?"

"గాలాగగానే... నువ్వు లాక్కుంటావని... కిటికీలోంచి కాలవలోకి విసిరేసేనురా."