పొత్తిగుడ్డలు

మళ్ళీ పెదాలు బిగించేశారా? ఇదెక్కడి పంతమండీ! నిన్నటి నుంచీ ఇదే వరస. చెంచా నోటిదాకా రావడం, మీరు ఎడంచేత్తో తోసెయ్యడం. కుడిచెయ్యి పడిపోయింది గానీ మొండితనం పడిపోలేదు.

సాయంత్రం డాక్టరమ్మ వస్తుంది. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తానంది. విన్నారుగా? పక్షవాతం మీ మాట పట్టుకుపోయింది గానీ చెవులు వదిలేసిందిగా. గొట్టం వేస్తే ఆ మిగిలిన చేత్తో పీకేస్తారు. మీ సంగతి నాకు తెలీదూ? ఆ తర్వాత నేనేమైపోవాలి? చెప్పండి!

ఎందుకో తెలుసులెండి. నిన్న సంఘపెద్ద చూడ్డానికొచ్చిన వేళే పక్క తడిసింది. ఆయన ముందే గుడ్డ మార్చాను. మార్చక? తడిలో ఉంచమంటారా? ఆయన పాపం ఏం చెయ్యాలో తోచక గోడవైపు తిరిగి ప్రార్థన మొదలెట్టాడు. మీరేమో కళ్ళు మూసుకున్నారు. అంతే, అప్పట్నుంచీ ముద్ద ముట్టలేదు. తినకపోతే తడపక్కర్లేదనా?

సిగ్గా? నా దగ్గరా?

ఏమండీ పాస్టరుగారూ, చలికాలం వచ్చిందంటే పీఠం మీద నిలబడి ఏం చెప్పేవారు మీరు? వాక్యమే దేవుడు, ఆ వాక్యమే మనిషి ఒళ్ళు తొడుక్కుని మన మధ్యకి దిగొచ్చింది, తల్లి పాలకి నోరు తెరిచింది అని కదూ? మందిరం దద్దరిల్లేది. ఆ పసివాణ్ణి తల్లి పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టిన మాట దగ్గరికొచ్చేసరికి మీ గొంతు వణికేది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. నేను మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకునేదాన్ని. మన పిల్లల పొత్తిగుడ్డ ఒక్కటైనా ఉతికిన చెయ్యా అది? వాసనకి ముక్కు మూసుకుని, పక్కగదిలో తలుపేసుకుని ప్రసంగం రాసుకునేవారు!

అసలు ఆ గుడ్డలు ఎందుకు చుడతారో ఎప్పుడైనా తట్టిందా మీకు? ఆయనా తడిపాడండీ. ఆ తల్లే తుడిచింది. గుక్కపట్టి ఏడ్చుంటాడు, తాగిన పాలు కక్కుంటాడు. లోకాన్ని చేసినవాడు ఆడదాని ఒళ్ళో పడుకుని నోరు తెరిచాడే, ఇదేం ఖర్మ అనుకోలేదే! మీకేమొచ్చింది మరి? ఆయనకన్నా గొప్పవారా మీరు?

అయ్యో, కన్నీళ్ళెందుకండీ? ఉండండి, తుడుస్తాను. తిట్టడానికి కాదు. నా మాట మీరెప్పుడు విన్నారు గనక? మీ ప్రసంగమైతేనైనా వింటారేమోనని మీకే అప్పజెబుతున్నాను. నాకింకో దారి తోచడం లేదు.

ఒక మాట చెప్పనా? ఇన్నేళ్ళూ ముందు వరసలో కూర్చుని తలూపానే, ఒక్క ముక్క నమ్మలేదు నేను. అంత పెద్దవాడు ఇంత చిన్న ఒంట్లోకి ఎందుకొస్తాడు, పనీపాటా లేకనా అనుకునేదాన్ని. పాస్టరుగారి భార్యనాయె, ఎవరితో చెప్పుకోను?

ఇప్పటికీ ఆయన దిగొచ్చాడో లేదో నాకు తెలీదండీ. మీరు మాత్రం దిగొచ్చారు. పీఠం మీంచి ఈ మంచం మీదికి, నా చేతికందేంత కిందికి. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి మొదటిసారి. అప్పుడే వెళ్ళిపోతానంటే ఎలా?

జావ చల్లారిపోతోంది. ఒక్క చెంచా. నోరు తెరవండి. ఆయన తెరిచాడని మీరే కదా చెప్పారు.