పడవ అడుగున సిలికాన్

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నంలో, ఇంటి అరుగు మీద ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కూర్చుంది. మస్కట్‌లో బొమ్మ పడవల కార్ఖానాలో పనిచేసే మొగుడు పంపిన పడవ ఆమె ఒడిలో బోర్లా పడి ఉంది.

“మీ కాడికెళ్లి సెలవుకొచ్చిన లతీఫ్ భాయి నిన్ననే ఇచ్చిపోయిండు. మీ మేస్త్రీ పెట్టె మొత్తం తడిమి చూసినంకనే పంపిండట. అడుగున గింత సిలికాన్ ఎందుకు పూసినవ్?”

“అదంతా తీసెయ్. కత్తి పెట్టకు, చెక్క చెడిపోతది. నా పాత బతాకా కార్డు లేదా, దాని అంచుతోని లేపు.”

“వేడినీళ్ల గుడ్డ మూడుసార్లు అద్దిన. వదుల్తలేదు. ఉండనీయరాదు?”

“ఉండనీయకు! బిడ్డ పుట్టినరోజుకు మంచిగ కనవడాలె. కొస దొరికితే మెల్లగ గుంజు.”

“నీ గొంతేంది, గట్లున్నది?”

“ఏం లేదు. ఇది మేస్త్రీ ఫోను. పక్కనే ఉన్నడు.”

గడువు తీరిన ఆ గుర్తింపు కార్డుతో ఆమె మళ్లీ గీరింది. సిలికాన్ పట్టీలా ఊడొచ్చింది. కింద రంధ్రంలో చుట్టిన కాగితం.

‘పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. నాలుగు నెలల సంది గేటు దాటనిస్తలేరు. ఫోన్ల మంచిగున్న అంటే నమ్మకు. జగిత్యాలల గల్ఫ్ సంఘపోళ్లకు ఇది చూపియ్యి.’

“వచ్చిందా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వచ్చింది. మొత్తం వచ్చింది.”

“నేనైతే ఈడ మంచిగున్న.”

“నాకెరికే. రేపు పొద్దుగాలనే జగిత్యాల పోత. బిడ్డకు బట్టలు తేవాలె.”



“మొదటి బస్సుకే పో,” అన్నాడు.